కడుపులో ఉన్న ప్రభువులవారు

వేగిలంక సంస్థానంలో రాజుగారు లేని ఆరు నెలలూ రాజభక్తికి మాత్రం ఏ లోటూ రాలేదు. ఆ మాటకొస్తే రాజావారు బతికుండగా కూడా అంత భక్తి అక్కడ ఎవరూ ఎరగరు.

రాజావారు మాఘమాసంలో మూడు రోజుల విషజ్వరంతో కాలం చేశారు. అప్పటికి రాణి సుభద్రాయమ్మ గారికి ఇరవై ఏళ్ళు, మూడో నెల. పక్క ఎస్టేటు నుంచి దినాలకు వచ్చిన రాజావారి పినతండ్రి కొడుకు, వచ్చినవాడు వచ్చినట్టు పోకుండా, దర్బారు హాల్లో సింహాసనం పొడుగూ వెడల్పూ జానలతో కొలుచుకుని వెళ్ళాడట. ఆ సంగతి దివాను దామరాజు పురుషోత్తం పంతులు గారి చెవిన పడింది. ఆపైన పంతులు గారికి అన్నం సహించలేదు. నౌకర్లలో ఎవడు ఎటు ఉన్నాడో తెలిసేదెలా? వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది.

"ఇందుమూలముగా యావన్మంది సంస్థానోద్యోగులకు తెలియజేయడమేమనగా, గర్భస్థులై యున్న ప్రభువులవారి యెడల ప్రతి ఉద్యోగియు ప్రతిదినము ఉదయము ఎనిమిది గంటలకు ప్రభువులవారి సన్నిధియందే విశ్వాస ప్రమాణము చేయవలెను. చేయనివారు ఆ దినమున ఉద్యోగులు కారు."

సన్నిధి అంటే ప్రభువులవారు ఎక్కడుంటే అక్కడ. ప్రభువులవారు రాణిగారి కడుపులో ఉన్నారు. అందుచేత రోజూ పొద్దున్నే రాణిగారిని అంతఃపురం హాల్లో పల్చటి తెర వెనక కుర్చీలో కూర్చోబెట్టేవారు. తెర ఇవతల తాశీల్దారు మొదలుకుని తోటమాలి దాకా నాలుగు వందల మంది వరసగా వచ్చి, కడుపు ఉండే ఎత్తుకి వంగి, ప్రమాణం అప్పజెప్పి వెళ్ళేవారు. ఎంత వంగాలో ఎవరికీ అనుమానం రాకుండా తెర మీద ఎర్రదారంతో ఒక గుండ్రం కుట్టించారు. నెలలు గడిచేకొద్దీ ఆస్థానపు దర్జీ వచ్చి ఆ గుండ్రాన్ని కాస్త కాస్త పెద్దది చేసి వెళ్ళేవాడు.

వరసలో అందరికంటే చివర నిలబడేది వరహాలమ్మ. ఆవిడ ఆస్థానపు మంత్రసాని. యాభై అయిదేళ్ళ మనిషి, చదువు రాదు, చేతులు మాత్రం బంగారం. పోయిన రాజావారిని భూమ్మీదికి తెచ్చింది కూడా ఆ చేతులే. నాలుగు వందల మంది అప్పజెప్పడం అయ్యేసరికి రెండున్నర గంటలు పట్టేది. అంతసేపూ తెర అంచుకింద నుంచి కనిపించే రాణిగారి పాదాలనే చూస్తూ నిలబడేది వరహాలమ్మ. రోజురోజుకీ అవి ఉబ్బుతున్నాయి. ఒకనాడు ఉండబట్టలేక, వరస పక్కన బల్ల వేసుకుని కూర్చున్న ప్రమాణాధికారి భానుమూర్తి దగ్గరికి వెళ్ళింది. ప్రమాణాల కోసమే కొత్తగా పుట్టిన శాఖకి అతనే పెద్ద.

"బాబూ, ఆ పిల్ల కాళ్ళు ఓపాలి సూడండి. సెప్పులు పట్టటం మానేసి వారమయ్యింది. కూసేపు నడుం వాల్చనివ్వండి బాబూ. ఈ పెమాణాలేవో మజ్జానం సేసుకుంటే ఏం పోద్ది?"

"విశ్వాసానికి మధ్యాహ్నం లేదు, వరహాలమ్మా," అన్నాడు భానుమూర్తి తలెత్తకుండా. "పైగా రాణిగారి పాదములు మా శాఖ పరిధిలోకి రావు. నడుము కూడా రాదు. ప్రభువులవారికి స్వయముగా ఏదైనా అసౌకర్యముంటే మనవి చేసుకొనుటకు వేరే నమూనా ఉన్నది."

తల్లినీ బిడ్డనీ ఇద్దరినీ బతికించి ఒడ్డున పడెయ్యాలి. వరహాలమ్మ ధ్యాసంతా అదొక్కటే. ఇంతమంది భక్తుల్లో ఆ ధ్యాస ఇంకొక్కరికి లేదన్న సంగతి తల్చుకుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

భానుమూర్తి చెడ్డవాడు కాదు. పని అంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే ఒకరోజు ప్రమాణ పాఠంలో పెద్ద ప్రమాదం కనిపెట్టాడు. తాతల నాటి నుంచీ వస్తున్న పాఠంలో "ప్రభువులవారిని సింహాసనము నుండి కదిలింప యత్నించను, యత్నించువారిని ప్రాణములొడ్డియైనను అడ్డగింతును" అని ఉంది. కానీ ప్రభువులవారు సింహాసనం మీద లేరు కదా! రేపు ఆ జానలు కొలిచిన పెద్దమనిషి వచ్చి దానిమీద కూర్చుంటే, ఈ నాలుగు వందల మందీ తమ ప్రమాణం ప్రకారం అతన్నే కాపాడాలి. భానుమూర్తికి చెమటలు పట్టాయి. ఫైలు చంకన పెట్టుకుని దివాను గారి దగ్గరికి పరుగెత్తాడు.

దివాను గారు కళ్ళజోడు సవరించుకుని, సింహాసనం అన్న మాట కొట్టేసి, దానిపైన స్వహస్తంతో "ప్రస్తుతము వేంచేసియున్న స్థలము" అని రాశారు. మర్నాటి నుంచి అందరూ "ప్రభువులవారిని ప్రస్తుతము వేంచేసియున్న స్థలము నుండి కదిలింప యత్నించను" అని అప్పజెప్పసాగారు. భానుమూర్తికి శాలువా కప్పారు. ఆ పాఠం వరహాలమ్మ కూడా రోజూ అప్పజెప్పేది గానీ, అందులో మాటలు ఒక్కటీ ఆవిడకి అర్థమయ్యేవి కావు. అర్థమైనవాళ్ళు ఎవరూ ఆలోచించలేదు.

ఇది ఇలా ఉండగా అయిదో నెల నిండింది, బిడ్డ కదలడం మొదలెట్టింది. ఆ కబురు కచేరీకి చేరగానే దివాను గారు ఉలిక్కిపడ్డారు. ఇంతకాలం ప్రభువులవారి మౌనాన్ని అంగీకారం కింద జమకట్టి ఫైళ్ళు నడిపించారు. ఇప్పుడు ప్రభువులవారు తమ అభిప్రాయం తెలియజేసే స్థితికి వచ్చినట్టే. ఇక మౌనం చెల్లదు. ప్రతి ఫైలూ రాణిగారి ఎదుట చదవాలి, ప్రభువులవారు కదిలితే మంజూరు, కదలకపోతే వాయిదా. కదిలారో లేదో చెయ్యి వేసి ధ్రువపరిచే బాధ్యత ఆస్థానపు మంత్రసానిది.

అలా వరహాలమ్మ సంస్థానంలో కెల్లా పెద్ద ఉద్యోగస్తురాలైంది. అక్షరం ముక్క రాని మనిషి వేలిముద్ర వేస్తే గానీ చెరువుకి గండి పూడ్చే వీల్లేదు. రోడ్లశాఖ వాళ్ళు, సుంకాలు వసూలు చేసే సాయరుశాఖ వాళ్ళు ఫైలు చదివే ముందు రాణిగారికి తీపి పెట్టించమని ఆవిడ్ని బతిమాలుకునేవారు. తీపి తింటే బిడ్డ కదులుతుందని ఎవరో చెప్పారట.

వరహాలమ్మ ఆ అధికారాన్ని ఒక్కసారి సొంతానికి వాడుకుంది. ఒకనాడు రాణిగారి పొట్టమీద చెయ్యి వేసి, "ప్రెబువులవారు కోపంగా ఉన్నారండోయ్. పొద్దున్నే ఈ గోలేంటి, మాయమ్మని పడుకోనియ్యండి అంటన్నారు," అంది. తెర వెనక రాణిగారు చాలా రోజుల తర్వాత కిసుక్కున నవ్వారు.

దివాను గారు చలించలేదు. "ఫైలు లేనిదే అభిప్రాయము వెలిబుచ్చుట ప్రభువులవారికి కూడ మర్యాద కాదు," అని తేల్చేశారు. వరహాలమ్మ దగ్గర సంజాయిషీ తీసుకున్నారు. అంతటితో ఆగకుండా, భక్తి రోజుకొకసారి సరిపోవడం లేదని గ్రహించి, పని పనికీ ముందు ప్రమాణం తప్పనిసరి చేశారు.

పోస్టు జవాను ఒక్కో గుమ్మం ముందూ ప్రమాణం చేసి ఉత్తరం ఇచ్చేవాడు. రెండు వేల గుమ్మాల ఊళ్ళో ఉత్తరాలు వారానికి గాని అందేవి కావు. బడిలో మాస్టరు ఎక్కానికి ముందొకసారి, ఎక్కానికి తర్వాత ఒకసారి ప్రమాణం చేసేసరికి పిల్లలకి ఎక్కాలు రాలేదు గానీ ప్రమాణం వచ్చేసింది. పట్టపుటేనుగు కూడా సంస్థానం నౌకర్ల జాబితాలోనే ఉంది కాబట్టి, మావటి పాఠం చదువుతుంటే అది తొండమెత్తి ఒప్పుకోవాలి. ఒక శుక్రవారం ఎత్తలేదు. దాన్ని సస్పెండు చేశారు. సస్పెండయిన ఏనుగు రెండు రోజులు తిరునాళ్ళలో హాయిగా చెరుకులు తిని, మూడో రోజు తిరిగి ఉద్యోగంలో చేరడానికి ససేమిరా అంది.

శ్రావణమాసం వచ్చింది. రాణిగారికి నెలలు నిండాయి. వరహాలమ్మ రోజూ పొట్ట తడిమి చూస్తోంది, ఆవిడ మొహంలో కళ తప్పింది. బిడ్డ తల పైకే ఉంది. నూనె రాసి ఎంత సవరించినా తిరగలేదు. ఎదురుకాళ్ళ కాన్పు. ఆవిడ చేతుల మీద అలాంటివి ఆరు జరిగాయి, అందులో ఇద్దరు తల్లులు దక్కలేదు. ఆ ఇద్దరి పేర్లూ ఆవిడకి ఇప్పటికీ గుర్తే. ఈ సంగతి భయపడుతూ దివాను గారికి చెప్పుకుంది.

"పాదములు ముందు మోపుట రాజలక్షణమే కదా," అని దివాను గారు సంతోషించారు.

ఆ సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి, నూట డెబ్భయ్యో ఉద్యోగి వంగి అప్పజెపుతుండగా, తెర వెనక రాణిగారు కెవ్వుమన్నారు. కుర్చీ కింద ఉమ్మనీరు మడుగు కట్టింది. వరహాలమ్మ వరస తోసుకుని పరుగెత్తింది.

"ఇంకా రెండు వందల ముప్పై మంది ఉన్నారు!" అని లేచాడు భానుమూర్తి.

"ఉంటే వాళ్ళని కనమను!" అని అరిచి, దాసీల సాయంతో రాణిగారిని లోపలి గదిలో మంచం మీదికి చేర్చింది వరహాలమ్మ. వేణ్ణీళ్ళకి పురమాయించి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి గది గుమ్మంలో భానుమూర్తి రిజిస్టరుతో నిలబడి ఉన్నాడు.

"పనికి ముందు ప్రమాణం, వరహాలమ్మా. నీవు చేయబోవునది నీ ఉద్యోగ జీవితములోకెల్లా ముఖ్యమైన పని."

వాదిస్తే ఇంకా ఆలస్యమవుతుందని, ఆవిడ ఊపిరి తిప్పుకోకుండా పాఠం మొత్తం గడగడా అప్పజెప్పేసి, అతన్ని తప్పుకోమంది. భానుమూర్తి తప్పుకోలేదు. అతని మొహం పాలిపోయింది. ఆరు నెలల్లో మొదటిసారి అతను ఆ పాఠాన్ని విన్నాడు.

"ప్రస్తుతము వేంచేసియున్న స్థలము నుండి కదిలింప యత్నించను, అన్నావు," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు లోపలికి వెళ్ళి నీవు చేయబోయేది ఏమిటి?"

గుమ్మానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరు బల్లెం బంట్లు కూడా పొద్దున్నే ప్రమాణం చేసినవాళ్ళే. యత్నించువారిని ప్రాణాలొడ్డి అడ్డగించాలి కదా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గుమ్మానికి అడ్డంగా బల్లేలు పెట్టారు. లోపల నుంచి రాణిగారి మూలుగు వినిపిస్తూనే ఉంది.

దివాను గారు వచ్చారు. గుమ్మం ముందే కుర్చీ వేయించుకుని సభ తీర్చారు. సంగతి విని, రెండు నిమిషాలు కళ్ళు మూసుకున్నారు.

"పాఠము సవరించిన సరి. కాని సవరణకు ప్రభువులవారి అంగీకారము అవసరము. ఫైలు చదవండి. కదిలినచో మంజూరు."

"ఏం కదలికండీ! నొప్పుల్లో పొట్ట రాయయిపోద్ది. బిడ్డ కదలదు," అంది వరహాలమ్మ.

"అయితే సవరణ వాయిదా పడినట్టే."

"నా ఉజ్జోగం నాకొద్దు బాబూ. మానేత్తన్నాను. ఇప్పుడు నేను ఊళ్ళో ముసలమ్మని. నన్నెల్లనివ్వండి."

"రాజీనామా కూడ ప్రభువులవారే ఆమోదింపవలెను," అన్నాడు భానుమూర్తి. "ఒకవేళ ఆమోదించినా, ఉద్యోగిని కానివారు అంతఃపురములో ఉండరాదు."

లోపల్నుంచి ఒక దాసీ ఏడుస్తూ కేకేసింది. "వరహాలమ్మా, కాలు కనబడతంది!"

వరహాలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బల్లేలు పట్టుకుని ఊపింది. బంట్లు ఆవిడకి తెలిసినవాళ్ళే, వాళ్ళ పిల్లలు ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. వాళ్ళూ ఏడుస్తున్నారు, బల్లేలు మాత్రం తియ్యలేదు. బతిమాలితే కరిగేవాళ్ళు కాదు వీళ్ళు. తిట్టినా కదలరు. నాలుగు నెలలుగా వీళ్ళ ఫైళ్ళు విని విని వీళ్ళకి ఏ మాట చెవికెక్కుతుందో ఆవిడకి బాగా తెలుసు. కొంగుతో మొహం తుడుచుకుని దివాను గారి కేసి తిరిగింది.

"దివానుగారూ, నేనెవర్నీ కదపట్లేదండి. ప్రెబువులవారే ఎల్లొత్తానంటన్నారు. బయలెల్లిపోయారు కూడాను. ఒక కాలు గడప దాటింది. ఇది వారి పెయాణం. ప్రెబువు పెయాణం కడితే ఆపుతాకి మీరెవరండీ?"

దివాను గారి మొహంలో ఆరు నెలలుగా కనబడని వెలుగొచ్చింది.

"భానుమూర్తీ! ప్రభువులవారి ప్రయాణ నిబంధనలు!"

కచేరీ నుంచి అట్ట చిరిగిన పుస్తకం ఒకటి వచ్చింది. దివాను గారు నిలబడి చదివారు. "ప్రభువులవారు స్వేచ్ఛగా ప్రయాణమైనచో ఉద్యోగులెల్లరు మార్గము విడువవలెను. మార్గమధ్యమున ఆటంకములున్న, తెలిసిన మనిషిని ముందు పంపి తొలగింపవలెను. గమ్యము చేరగానే ఇరువది యొక్క ఫిరంగులు పేల్పవలెను." పుస్తకం మూసి బంట్లకేసి చూశారు. "మార్గము విడువుడు. ఈమెయే తెలిసిన మనిషి."

బల్లేలు లేచాయి. వరహాలమ్మ లోపలికి దూరి తలుపు గడియ వేసుకుంది.

ఆ తర్వాత గంటన్నర బయట ఏం జరిగిందో ఆవిడకి తెలియదు. లోపల మంచం పట్టె పట్టుకుని రాణిగారు, "నేను పోతాను వరహాలమ్మా, నా వల్ల కాదు," అని ఏడుస్తుంటే, "పోతే ఎవరూరుకుంటారే తల్లీ, నేనుండగా! ఇదిగో నా సెయ్యి, గట్టిగా పట్టుకో, ఊఁ, ఇంకొక్కసారి," అని కసురుతూ, దువ్వుతూ, ఆ ఇద్దరు తల్లుల పేర్లూ మనసులో తల్చుకుంటూ, వేళ్ళకొసలతో బిడ్డ నడుమూ భుజాలూ దారిలో పెట్టింది. తల దగ్గర కాసేపు ఆగిపోయింది. ఆ కాసేపూ వరహాలమ్మ ఊపిరి కూడా ఆగింది. తర్వాత బిడ్డ మొత్తం చేతుల్లోకి జారింది. నీలంగా ఉంది, ఏడవలేదు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి, వీపు మీద ఒక్కటిచ్చింది. మరొకటిచ్చింది. మూడో దెబ్బకి బిడ్డ కెవ్వుమంది.

ఆడపిల్ల. బొద్దుగా, నల్లటి జుట్టుతో ఉంది.

"ప్రభువులవారు సుఖముగా చేరిరా?" అని తలుపు అవతల నుంచి దివాను గారి గొంతు వినిపించింది. "ఆ చప్పుళ్ళేమిటి?"

"సేరారండి. ఆడపిల్లండి."

నాలుగు వందల మంది ఆరు నెలలపాటు ప్రభువు అంటూ చేసిన ప్రమాణాలన్నీ ఏమయ్యేట్టు? బయట కాగితాలు తిరగేస్తున్న శబ్దం వచ్చింది.

"ఈ విషయమై ఒక సంఘమును నియమించుచున్నాము," అన్నారు దివాను గారు చివరికి. "సంఘము నివేదిక సమర్పించువరకు ప్రభువులవారు మగవారే."

ఫిరంగులు పేలాయి. రాణిగారు వాటి మధ్యనే నిద్రపోయారు.

మర్నాడు ఎనిమిదింటికల్లా నాలుగు వందల మందీ మళ్ళీ వరసకట్టారు. అయితే ఇప్పుడు ప్రభువులవారు వేరే చోట ఉన్నారు కాబట్టి రాణిగారు ఎక్కడ పడుకున్నా శాఖకి అభ్యంతరం లేదు. వాళ్ళు అడిగింది బిడ్డని. తల్లి పక్కలోంచి బిడ్డని ఎవరి చేతికీ ఇవ్వనని, వరహాలమ్మ తనే ఎత్తుకుని వచ్చి తెర వెనక కూర్చుంది. ఒక్కొక్కరూ వచ్చారు, వంగారు, కాగితంలోది అప్పజెప్పారు, వెళ్ళారు. తెర కొంచెం పక్కకి తీసి బిడ్డ ఎలా ఉందని ఒక్కరూ చూడలేదు. ఆకలికి పిల్ల గుక్కపెట్టింది. వరస ఆగలేదు.

నూట యాభై మంది అయ్యేసరికి వరహాలమ్మ లేచి, తెర తోసుకుని, బిడ్డతో బయటికి వచ్చేసింది. వరసలో ఉన్నవాళ్ళు అడ్డుతప్పుకున్నారు.

"ఎక్కడికి?" అన్నాడు భానుమూర్తి. "నీ ప్రమాణం ఇంకా కాలేదు."

వరహాలమ్మ ఆగింది. బిడ్డ మొహంలోకి చూసింది. ఆరు నెలలుగా అప్పజెప్పిన పాఠం ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. వేరే మాటలు వచ్చాయి.

"సూడమ్మా, నా తల్లీ. నీకు పాలయేళయితే అడ్డం ఎవరొచ్చినా సరే, దివానొచ్చినా సరే, నేనూరుకోను. నీకు జొరమొత్తే నీ కాడే కూకుంటాను. నా ఒంట్లో ఓపికున్నంత కాలం. అంతే."

భానుమూర్తి కలం దించి, రిజిస్టరులో ఉన్న నమూనాతో మాటా మాటా పోల్చి చూసుకున్నాడు.

"ఇది నిర్ణీత నమూనాలో లేదు, వరహాలమ్మా."

"లేదండి. నమూనాలో సేసినోళ్ళందరూ నిన్న గుమ్మం బయటున్నారు."

భానుమూర్తి చెవులు ఎర్రబడ్డాయి. అయినా శాఖ శాఖే. ఆవిడ పేరు ఎదురుగా ఎర్రసిరాతో "విశ్వాసము లేదు" అని రాసి, నియమం ప్రకారం పైకి చదివి వినిపించి, వేలిముద్ర కోసం రిజిస్టరు ముందుకి జరిపాడు.

వరహాలమ్మ వేలిముద్ర వెయ్యలేదు. ఆవిడ చేతులు ఖాళీగా లేవు.